పియానో నేర్చుకుంటూ మధ్యలో ఆగిపోయారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పియానో మొదలుపెట్టిన కొత్తలో ప్రతివారం తేడా తెలుస్తుంది. నిన్న రానిది ఇవాళ వస్తుంది. తర్వాత ఎక్కడో ఒకచోట బండి ఆగుతుంది. రోజూ కూర్చుంటున్నా కొత్తగా ఏమీ రాదు, పాతదేమో విసుగు పుట్టిస్తుంది. చాలామంది పియానో వదిలేసేది సరిగ్గా ఇక్కడే. పాఠాలు చెప్పేటప్పుడు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. వరసగా చదవనక్కర్లేదు, మీ ఇబ్బంది ఏదో అక్కడికి నేరుగా వెళ్ళండి.

రోజూ ప్రాక్టీసు చేస్తున్నాను. అయినా నెలల తరబడి ఉన్నచోటే ఉన్నాను. ఎందుకు?

ముందు ఒక సంగతి గమనించండి. మీరు చేస్తున్నది ప్రాక్టీసా, లేక పీస్‌ను మొదటినుంచి చివరిదాకా వాయించుకుంటూ పోవడమా? చాలామంది చేసేది రెండోదే. అలా వాయిస్తే వచ్చిన బార్లు (నోట్స్ కాగితం మీద నిలువు గీతల మధ్య ఉండే చిన్న భాగాలు) ఎన్నిసార్లు వస్తాయో, రాని బారూ అన్నిసార్లే వస్తుంది. నాలుగు నిమిషాల పీస్‌లో కష్టమైన చోటు మూడు సెకన్లే ఉంటుంది. అరగంట కూర్చున్నా ఆ మూడు సెకన్ల మీద మీరు పెట్టిన సమయం అర నిమిషం కూడా ఉండదు.

"ఈ పేజీ రావడం లేదు" అంటారు. వాయించి చూపమంటే పేజీ అంతా బాగానే ఉంటుంది, ఒక్క బార్‌లో తడబడతారు. ఆ బార్‌లోనూ ఇబ్బంది రెండు నోట్స్ మధ్యే ఉంటుంది. కాబట్టి ఏ బార్, ఏ బీట్, ఏ చెయ్యి, ఏ వేలు అన్నది తేలేదాకా వెతకాలి.

ఇంకో చిక్కు ఉంది. తప్పు వినిపించే చోటు ఒకటి, తప్పు పుట్టే చోటు మరొకటి కావచ్చు. కుడి చేత్తో జీ మేజర్ స్కేల్ (జీ నుంచి పై జీ దాకా వరసగా వెళ్ళే ఎనిమిది నోట్స్) పైకి వెళుతున్నారనుకోండి. పై జీ దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు అయిపోయాయి, తడబడ్డారు. వెంటనే ఆ చివరి రెండు నోట్స్‌నే పదిసార్లు కొడతారు. అసలు తప్పు జరిగింది మూడో నోటు దగ్గర. జీ, ఏ, బీ నోట్స్‌ను ఒకటి, రెండు, మూడు వేళ్ళతో (బొటనవేలు ఒకటి, చిటికెన వేలు ఐదు) వాయించి, సీ దగ్గర బొటనవేలు కిందనుంచి రావాలి. అది బీ దగ్గరే వచ్చేసింది. దాంతో ఎఫ్ షార్ప్‌కే చిటికెన వేలు వాడాల్సి వచ్చింది, ఆ పై జీకి వేలే మిగల్లేదు. ఇలాంటప్పుడు తడబడిన చోటునుంచి ఒక్కో నోటూ వెనక్కి వెళుతూ వేళ్ళ వరస చూసుకోవాలి. కుదిరిన వరసను పెన్సిల్‌తో నోట్స్ మీద రాసుకోండి, రోజుకో వరస వాడితే చెయ్యి ఏదీ నేర్చుకోదు.

సరే, ఇబ్బంది చోటు దొరికింది. దాన్ని ఎలా సరిచేయాలి?

ముక్కను బాగా చిన్నది చేయండి. మూడు నాలుగు నోట్స్, దాని తర్వాతి బీట్ మీద పడే మొదటి నోటు, అంతే. ఆ మొదటి నోటును కలుపుకోవడం ముఖ్యం. బార్ గీత దగ్గర ఆపి ప్రాక్టీసు చేసేవాళ్ళు పీస్ మొత్తం వాయించేటప్పుడు కూడా ప్రతి గీత దగ్గరా లిప్తపాటు ఆగుతారు.

తప్పు పోవడానికి వీల్లేనంత నెమ్మదిగా వాయించండి. సరిగ్గా వచ్చాక ముందు ఒక నోటు, వెనక ఒక నోటు కలుపుకుంటూ పెంచండి. ఎనిమిదిసార్లు తప్పుగా వాయించి తొమ్మిదోసారి సరిగ్గా రాగానే "హమ్మయ్య, వచ్చేసింది" అని లేచిపోతే చేతికి ఎక్కువగా అలవాటైంది తప్పే. సరిగ్గా వచ్చాక ఇంకో నాలుగైదుసార్లు అలాగే వాయించి, వేరే పని చూసుకుని, పావుగంట తర్వాత మళ్ళీ ఆ చోటికి రండి.

అసలు పరీక్ష మర్నాడు కూర్చోగానే మొదటిసారి ఎలా వచ్చిందన్నదే. నిన్న రాత్రి ఇరవయ్యోసారి బాగా వచ్చిందన్నది పెద్ద లెక్కలోకి రాదు. చేతులతో నేర్చుకునే ఏ పనైనా నిద్రలో కుదురుకుంటుంది, కాబట్టి ఒక్కరోజులో తేల్చేయాలని పట్టుబట్టకండి.

నెమ్మదిగా వాయిస్తే వస్తుంది. స్పీడు పెంచగానే చెడిపోతుంది. ఏం చేయాలి?

మెట్రోనోమ్‌ను (లయ కోసం టిక్కుటిక్కుమనే పరికరం) నిమిషానికి నాలుగు బీట్ల చొప్పున పెంచుకుంటూ పోవడం అందరికీ తెలిసిన పద్ధతి. అది కొంతవరకే పనిచేస్తుంది. ఒక టెంపో (వేగం) దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది, ఎన్ని వారాలు గడిచినా అది దాటదు.

నెమ్మదిగా వాయించేటప్పుడు మనకు తెలియకుండానే వేళ్ళను బాగా పైకెత్తి కొడతాం. ప్రతి నోటుకూ విడిగా ఒక కదలిక పెడతాం. టైమ్ ఉంటుంది కాబట్టి నడుస్తుంది. స్పీడులో అంత పెద్ద కదలికలకు చోటే లేదు, అక్కడ నాలుగైదు నోట్స్ కలిసి మణికట్టు ఒక్క ఊపులో వెళ్ళాలి. అంటే నెమ్మదిగా నేర్చుకున్న కదలిక ఒకటి, వేగంగా వాయించడానికి కావలసిన కదలిక ఇంకొకటి. మొదటిదాన్ని ఎంత తోసినా రెండోది కాదు.

ఆ గోడ దగ్గర ఇలా చేసి చూడండి. ఒక్క బీట్‌లోని నాలుగు నోట్స్ తీసుకోండి. వాటిని అసలు స్పీడులోనే వాయించి, తర్వాతి బీట్ మొదటి నోటు మీద వాలి, అక్కడ ఆగిపోండి. చెయ్యి పూర్తిగా వదులు చేయండి. తర్వాతి నాలుగు నోట్స్ కూడా అంతే, వాలడం, ఆగడం, వదలడం. ఒక్కో గుంపూ హాయిగా వచ్చాక రెండేసి కలపండి, ఆ తర్వాత నాలుగేసి. ఇక్కడ నోట్స్ స్పీడు మొదటినుంచీ అసలుదే, తగ్గుతూ వచ్చేది మధ్యలో ఆగే సమయం. నా అనుభవంలో ఆగిపోయిన టెంపోను దాటించడంలో దీనికి మించిన పద్ధతి లేదు.

నెమ్మది ప్రాక్టీసు మానేయమని కాదు. నెమ్మదిగా వాయించేటప్పుడు కూడా వేళ్ళు కీస్‌ను ఆనుకునే ఉండాలి, కదలిక స్పీడులో ఉండేంత చిన్నగానే ఉండాలి.

చేతులు విడివిడిగా బాగానే వస్తాయి. కలపగానే అంతా పోతుంది.

మొదట ఎడమ చేతిని అనుమానించండి. వచ్చేసిందనుకుంటాం కానీ, దానికి పూర్తి ధ్యాస పెడితేనే వస్తోంది. రెండు చేతులూ కలిశాక ఆ ధ్యాస సగమైపోతుంది. పరీక్ష సులువే: ఎడమ చేత్తో వాయిస్తూ కుడి చేతి మెలోడీని నోటితో పాడండి. పాడలేకపోతే ఎడమ చెయ్యి ఇంకా సిద్ధంగా లేదు.

పాడగలిగితే, కలపడం అన్నదాన్ని మూడో పాఠంగా తీసుకోండి. ప్రతి బార్‌లో మొదటి బీట్ మీద రెండు చేతుల్లో పడే నోట్స్‌ను మాత్రమే కలిపి వాయించండి, మిగతావి వదిలేయండి. తర్వాత రెండు బీట్లు, ఆ తర్వాత అన్ని బీట్లు. బీట్ల మధ్య నోట్స్ చివర్లో చేరతాయి. లయ మాత్రమే చిక్కు అయితే కీస్ ముట్టుకోకుండా మూత మీదో తొడల మీదో రెండు చేతులతో దరువు వేయండి.

కుడి చేతికి మూడు, ఎడమ చేతికి రెండు నోట్స్ ఒకే బీట్‌లో వచ్చే చోట్ల చాలామంది భయపడతారు. బీట్‌ను ఆరు సమాన భాగాలు చేసుకోండి. మూడు నోట్స్ చెయ్యి ఒకటి, మూడు, ఐదు అంకెల మీద పడుతుంది. రెండు నోట్స్ చెయ్యి ఒకటి, నాలుగు మీద. అంటే వరస ఇదీ: కలిపి, కుడి, ఎడమ, కుడి. ఆరు వరకు పైకి లెక్కపెడుతూ తొడల మీద వేసి చూడండి. మొదట లెక్కగా వస్తుంది, కాసేపటికి ఒక పాటలా చెవికెక్కుతుంది. చెవికెక్కాక లెక్క మానేయాలి, లెక్కతోనే వాయిస్తే బిగుసుకుపోతుంది.

ఉంగరపు వేలు, చిటికెన వేలు మాట వినవు. వేళ్ళకు బలం పెంచే వ్యాయామాలు చేయాలా?

పియానో కీ కిందికి దిగేది సుమారు 10 మిల్లీమీటర్లు. దాన్ని దించడానికి 50 గ్రాముల బరువు సరిపోతుంది. చిన్నపిల్లల చిటికెన వేలికి కూడా ఆ బలం ఉంటుంది. కాబట్టి చాలనిది బలం కాదు.

ఉంగరపు వేలిని పైకెత్తే స్నాయువు చేతి వెనకవైపు పక్కవేళ్ళ స్నాయువులతో అతుక్కుని ఉంటుంది. అందుకే దాన్ని విడిగా ఎత్తడం ఎవరికైనా కష్టమే, గొప్ప పియానిస్టులకూ అంతే. ఏ వ్యాయామమూ ఆ అతుకును మార్చలేదు. పనిచేసేది వేరే ఉంది. ఉంగరపు వేలు వాయించే క్షణంలో ముంజేయి దాని వెనక వరసలోకి రావాలి, మణికట్టు కాస్త అటు జరగాలి. ట్రిల్ (పక్కపక్క నోట్స్ రెండిటిని వేగంగా మార్చి మార్చి వాయించడం) లాంటివాటిలో తలుపు గుండ్రటి పిడి తిప్పినట్టు ముంజేయి లేశమాత్రంగా తిరిగితే వేలి మీద భారం సగం తగ్గుతుంది.

వేళ్ళకు బలం కోసం అమ్మే స్ప్రింగు పరికరాలు వద్దు. రాబర్ట్ షూమాన్ కథ సంగీతం చదివినవాళ్ళందరికీ తెలిసిందే. ఆయన కుడి చేతి వేళ్ళు దెబ్బతిని, పియానిస్టు కావాలన్న ఆశ వదులుకుని, పూర్తిగా సంగీత రచన వైపు వెళ్ళాడు. అసలు కారణం గురించి ఇప్పటికీ వాదనలున్నాయి కానీ, వేళ్ళ కోసం ఆయన ఒక యంత్రం వాడిన మాట నిజం.

కాసేపు వాయించగానే చెయ్యి నొప్పి పుడుతోంది. ఇది మామూలేనా?

కాదు. అలసట మామూలే, నొప్పి మామూలు కాదు. నొప్పి మొదలవగానే ఆపండి, ఓర్చుకుని వాయిస్తే అదే అలవాటవుతుంది.

మొదట కుర్చీ చూసుకోండి. కీస్ మీద చేతులు పెట్టినప్పుడు ముంజేయి నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి, మోచెయ్యి కీస్‌కన్నా కిందికి వేలాడకూడదు. కుర్చీ ముందు సగం మీద కూర్చోవాలి, పాదాలు నేలకు ఆనాలి. డైనింగ్ కుర్చీ వేసుకుని వాయించేవాళ్ళలో చాలామందికి ఇక్కడే సగం సమస్య తీరుతుంది.

మిగతా సగం బిగింపు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పియానోలో కీ నొక్కగానే లోపల ఒక సుత్తి తీగ వైపు లేస్తుంది. సుత్తి తీగను తాకడానికి కొంచెం ముందే యంత్రాంగం దాన్ని వదిలేస్తుంది, ఆ కాస్త దూరం అది తన వేగంతోనే వెళ్ళి తగిలి వెనక్కి వస్తుంది. అంటే కీ అడుగుకు చేరేసరికి శబ్దం పుట్టడం అయిపోయింది. ఆ తర్వాత మీరు ఎంత గట్టిగా అదిమినా శబ్దంలో వెంట్రుకవాసి మార్పు కూడా ఉండదు. అయినా మనలో చాలామంది నోటు పలికాక కూడా అదుముతూనే ఉంటాం, తర్వాతి నోటుకు ఆ బిగింపుతోనే వెళతాం.

ఇప్పుడే ఒక కీ నొక్కి పట్టుకుని చూడండి. అది పైకి లేవకుండా ఉండటానికి ఎంత తక్కువ బరువు చాలో అంతకు దిగండి. భుజం జారనివ్వండి, దవడ వదలండి, బొటనవేలు బిగుసుకుని ఉందేమో చూడండి. ప్రతి నోటు తర్వాతా ఈ వదలడం ఉండాలి. మొదట చాలా నెమ్మదిగా, ఒక్కో నోటుకూ ఆగి ఆగి చేస్తే అది అలవాటుగా మారుతుంది.

తిమ్మిరి, మొద్దుబారడం, వాయించడం ఆపినా తగ్గని నొప్పి, వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోవడం ఉంటే డాక్టర్‌కు చూపించండి, ఆలస్యం చేయవద్దు. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్‌కు 1960లలో కుడి చేతి వేళ్ళు ఇలాగే ముడుచుకుపోవడం మొదలైంది. ఆయన దశాబ్దాల పాటు ఎడమ చేతి రచనలే వాయించాల్సి వచ్చింది.

నా చేతులు చిన్నవి. ఆక్టేవ్ సరిగ్గా అందదు.

మామూలు పియానో మీద ఆక్టేవ్ (ఒక సీ నుంచి తర్వాతి సీ దాకా ఉండే దూరం) వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. ఇది పెద్ద చేతులకు అనుకూలమైన కొలత, దాన్ని దాచాల్సిన పనిలేదు. జోసెఫ్ హాఫ్‌మన్ అంతటి పియానిస్టు తన చేతులకు తగ్గట్టు కీస్ కాస్త సన్నగా ఉన్న పియానోలు చేయించుకున్నాడు. స్పెయిన్‌కు చెందిన అలీసియా దె లరోచా చిన్న చేతులతోనే ప్రపంచస్థాయి పియానిస్టు అయింది.

అందని కార్డ్‌ను (ఒకేసారి కలిపి నొక్కే నోట్స్ గుంపు) కింది నోటునుంచి పైకి వేగంగా దొర్లించండి. లేదా ఎడమ చేతిలో ఉన్న నోటే కుడి చేతి కార్డ్ మధ్యలోనూ ఉంటే అది వదిలేయండి. కింది నోటును పెడల్‌తో (పాదంతో నొక్కే మీట) పట్టుకుని చెయ్యి పైకి జరపడం మరో దారి. బలవంతంగా చెయ్యి సాగదీసే వ్యాయామాలు మాత్రం వద్దు.

పెద్దయ్యాక మొదలుపెట్టాను. పిల్లల్లా రావడం లేదనిపిస్తోంది. నిజమేనా?

వేళ్ళ చురుకు విషయంలో పిల్లలు ముందుంటారు. పీస్ నిర్మాణం అర్థం చేసుకోవడంలో, తన తప్పు తాను పట్టుకోవడంలో పెద్దవాళ్ళు ముందుంటారు. అయితే పెద్దవాళ్ళను నిజంగా ఆపేది ఇంకొకటి, వాళ్ళ చెవి. ఏళ్ళ తరబడి మంచి సంగీతం విన్న చెవికి తాను వాయించేది ఏమాత్రం నచ్చదు. ఏడేళ్ళ పిల్లకు ఆ బాధ లేదు, మూడు నోట్స్ పలికితే చాలు సంబరపడుతుంది.

చెవిని తగ్గించుకోలేం, తగ్గించుకోకూడదు కూడా. చేయగలిగింది పీస్‌ల ఎంపికలో ఉంది. నాలుగు నోట్స్‌తోనైనా వినసొంపుగా ఉండే నెమ్మదైన పీస్‌లు ఎంచుకుని, వాటిలో శబ్దం మీద శ్రద్ధ పెట్టండి. ఒక్క మెలోడీని ఎడమ చేతికన్నా కొంచెం గట్టిగా, ఒక నోటులోంచి ఇంకో నోటులోకి జారినట్టు పలికించడం వేళ్ళ స్పీడుతో పనిలేని విద్య. పెద్దవాళ్ళ చెవి అక్కడ గొప్పగా పనికొస్తుంది, నేను చూసిన చాలామందిలో ఇది పిల్లలకన్నా ముందే వచ్చింది.

రోజుకు ఎంతసేపు ప్రాక్టీసు చేయాలి?

వారాంతంలో మూడు గంటలకన్నా రోజూ అరగంట నయం. పది నిమిషాలే దొరికితే పీస్ జోలికి పోకుండా ఒకే ఒక్క ఇబ్బంది చోటు మీద పెట్టండి. అలసిపోయాక కూర్చుని తప్పులు వాయించేకంటే ఆరోజు మానేయడం మేలు.

ఫర్ ఎలీజ్ మొదటి భాగం చక్కగా వచ్చింది. తర్వాత నెలలుగా ముందుకు కదలడం లేదు.

ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో చెప్పలేను. బీథోవెన్ 1810లో రాసిన ఈ చిన్న పీస్‌లో మొదట వచ్చే, అందరికీ తెలిసిన ఆ మెలోడీ నేర్చుకునేవాళ్ళకు అందుబాటులోనే ఉంటుంది. ఆ వెంటనే ఎఫ్ మేజర్‌లోకి మారి చకచకా పరుగెత్తే నోట్స్ వస్తాయి. ఇంకా తర్వాత ఎడమ చెయ్యి ఒకే ‘ఏ’ (A) నోటును ఆపకుండా మోగిస్తూ ఉండగా కుడి చెయ్యి కార్డ్స్ వాయించాలి. మొదటి పేజీకీ వీటికీ స్థాయిలో చాలా తేడా ఉంది.

పీస్ ఎంత కష్టమో దానిలోని అన్నిటికన్నా కష్టమైన బార్‌ను బట్టి చూడాలి. కొత్త పీస్ మొదలుపెట్టే ముందు అన్ని పేజీలూ తిరగేసి, నల్లగా కిక్కిరిసి ఉన్న చోటుకు వెళ్ళి దాన్ని నెమ్మదిగా వాయించి చూడండి. నాలుగైదు రోజుల్లో అది నెమ్మదిగానైనా కుదరకపోతే ఆ పీస్ ఇప్పటికి పక్కన పెట్టవచ్చు. ఇష్టమైన పీస్‌ను పక్కన పెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ చేతికి మించిన ఒక్క పీస్‌తో ఏడాదంతా గడిపితే ఆ ఏడాదిలో నేర్చుకోగలిగిన పది పన్నెండు చిన్న పీస్‌లు పోతాయి, వాటితో వచ్చే చదవడం, లయ, కార్డ్స్ పట్టు అన్నీ పోతాయి. ఒక కష్టమైన పీస్ నడుస్తుంటే పక్కనే రెండు వారాల్లో అయిపోయే సులువైనవి కూడా ఎప్పుడూ ఉండాలి. నా మట్టుకు ముందుకు నడిపించేవి ఆ సులువైనవే.

నోట్స్ చదవడం ఇంకా నత్తనడకే. ఎలా మెరుగవుతుంది?

కొందరు ఒక్కో నోటూ కూడబలుక్కుని, వేళ్ళకు కంఠతా వచ్చేదాకా లాగి, అప్పటినుంచి కాగితం వైపు చూడరు. అలా పది పీస్‌లు వచ్చినా చదవడం మొదటిరోజు ఉన్నచోటే ఉంటుంది. చదవడం విడిగా నేర్చుకోవాల్సిన పని.

నోట్స్ మీద అక్షరాలు రాసుకోవడం మానేయండి, కన్ను అక్షరాన్నే చూస్తుంది, గీతను చూడదు. మూడు గుర్తులు గట్టిగా పట్టుకోండి: మిడిల్ సీ (కీబోర్డు మధ్యలో ఉండే సీ), ట్రెబుల్ క్లెఫ్‌లో (మామూలుగా కుడి చేతి నోట్స్ ఉండే పై ఐదు గీతలు) కిందినుంచి రెండో గీత మీది జీ, బాస్ క్లెఫ్‌లో (ఎడమ చేతివి ఉండే కింది ఐదు గీతలు) కిందినుంచి నాలుగో గీత మీది ఎఫ్. అక్కడినుంచి ప్రతి నోటునూ పేరుతో కాకుండా దూరంతో చదవండి. గీతనుంచి పక్క ఖాళీకి వెళితే పక్క కీ. గీతనుంచి పై గీతకు వెళితే మధ్యలో ఒకటి వదిలి తర్వాతి కీ. ఇలా చదివితే చెయ్యి నేరుగా కదులుతుంది, మధ్యలో పేరు గుర్తుతెచ్చుకునే పని ఉండదు.

మీ స్థాయికన్నా బాగా సులువైన, ఇంతవరకు చూడని కాగితం ఒకటి రోజూ ఐదు నిమిషాలు వాయించండి. నెమ్మదైన బీట్ పెట్టుకోండి. తప్పు పోయినా ఆగకూడదు, వెనక్కి వెళ్ళి దిద్దుకోకూడదు. మిగతా ప్రాక్టీసుకు ఇది పూర్తిగా వ్యతిరేకం కాబట్టే దీన్ని విడిగా పెట్టాలి. చేతుల వైపు చూడకుండా రెండేసి, మూడేసి నల్ల కీస్ గుంపులను తడిమి చోటు తెలుసుకోవడం కూడా ఇక్కడే అలవాటవుతుంది. పైనుంచి రంగు గీతలు పడే వీడియోలు చూసి పాట నేర్చుకోవచ్చు కానీ, ఆ పాట తర్వాత ఇంకో పాటకు మళ్ళీ వీడియోనే కావాలి.

పెడల్ నొక్కితే అంతా గజిబిజి అయిపోతోంది.

కార్డ్‌తో పాటే పెడల్ నొక్కుతున్నారేమో చూడండి. కార్డ్ పలికే క్షణంలో పాదం పైకి లేవాలి, పలికాక మళ్ళీ దిగాలి. పాదం చేతికన్నా కాస్త వెనక నడుస్తుంది. ఒక్కో కార్డ్‌తో నెమ్మదిగా సాధన చేసి, చెవితో సరిచూసుకోండి. పాత కార్డ్ శబ్దం కొత్తదానిలోకి పాకకూడదు.

ఇంట్లో 61 కీస్ కీబోర్డు మాత్రమే ఉంది. అందుకే ఆగిపోయానా?

మొదట్లో అది అడ్డు కాదు. అసలు పియానోకు 88 కీస్, 52 తెల్లవి, 36 నల్లవి. కొన్నాళ్ళకు పీస్‌లు ఆ 61 దాటిపోతాయి. అంతకన్నా పెద్ద అడ్డు కీస్ తేలిగ్గా ఉండటం. మెత్తగా, గట్టిగా వాయించడంలో తేడా పలికించాలంటే బరువున్న కీస్ కావాలి, లేకపోతే కీబోర్డు మీద నేర్చుకున్నది పియానో దగ్గర తేలిపోతుంది. కొత్తది కొనేటప్పుడు కీస్ సంఖ్యతో పాటు కీస్ బరువు, నొక్కే వేగాన్ని బట్టి శబ్దం మారడం, పెడల్ ఉండటం చూసుకోండి. లోపల వందల రకాల వాయిద్యాల శబ్దాలు ఉండటం వల్ల ఒరిగేదేమీ లేదు.

స్కేల్స్ బోర్ కొడుతున్నాయి. మానేయవచ్చా?

మానేయవద్దు, పద్ధతి మార్చండి. పైకీ కిందికీ యాంత్రికంగా తిప్పకుండా, మీరు వాయిస్తున్న పీస్ ఏ స్కేల్‌లో ఉందో ఆరోజు అదొక్కటే తీసుకోండి. ఒకసారి మెత్తగా, ఒకసారి పెరుగుతూ తగ్గుతూ వాయించండి.

సీ మేజర్ చదవడానికి సులువు కానీ, చేతికి అంత సులువు కాదు. పంతొమ్మిదో శతాబ్దపు పియానిస్టు, స్వరకర్త షోపాన్ తన విద్యార్థులకు ముందు బీ మేజర్ ఇచ్చేవాడు. దానిలో ఐదు నల్ల కీస్ ఉంటాయి, పొడుగు వేళ్ళు నల్ల కీస్ మీద, బొటనవేలు తెల్ల కీస్ మీద సహజంగా పడతాయి. సీ మేజర్‌లో బొటనవేలు తడబడేవాళ్ళు ఒకసారి బీ మేజర్ వాయించి చూడండి, చెయ్యి ఎలా ఒదుగుతుందో తెలుస్తుంది.

ఒంటరిగా బాగా వాయిస్తాను. ఎవరైనా వింటుంటే టెన్షన్‌తో అంతా మరిచిపోతాను.

ఇందులో రెండు సమస్యలు కలిసి ఉన్నాయి. ఒకటి మరిచిపోవడం. పీస్ వేళ్ళకు మాత్రమే కంఠతా వస్తే, ఒక నోటు తప్పగానే గొలుసు తెగుతుంది, మొదటినుంచి తప్ప ఇంకెక్కడినుంచీ మొదలుపెట్టలేరు. అందుకని పీస్‌లో ఏడెనిమిది చోట్ల అంకెలు వేసుకోండి. ఏ అంకె చెప్పినా అక్కడినుంచి మొదలుపెట్టగలగాలి. చివరి అంకెనుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తూ ప్రాక్టీసు చేయండి. ఎడమ చెయ్యి ఒక్కదాన్నే చూడకుండా వాయించగలరేమో పరీక్షించుకోండి, జ్ఞాపకం బలహీనంగా ఉన్నచోటు అప్పుడే బయటపడుతుంది.

రెండోది టెన్షన్. అది ఉండటం తప్పు కాదు. షోపాన్‌కే పెద్ద హాళ్ళలో జనం ముందు వాయించడం ఇష్టం ఉండేది కాదు, చిన్న గదుల్లో తెలిసినవాళ్ళ మధ్య వాయించడానికే మొగ్గేవాడు. మెట్లు మెట్లుగా అలవాటు చేసుకోండి: మొదట ఫోన్‌లో రికార్డ్ చేసుకోవడం, ఆ తర్వాత ఇంట్లో ఒక్కరి ముందు, ఆపైన నలుగురి ముందు. రికార్డింగ్ ఎర్ర గుర్తు వెలగగానే గుండె వేగం పెరగడం మీకే తెలుస్తుంది, ప్రాక్టీసుకు కావలసింది అదే. రోజులో మొదటిసారి వాయించేది, వేళ్ళు ఇంకా చల్లగా ఉన్నప్పుడు, ఆగకుండా కచేరీలా వాయించండి. టెన్షన్‌లో అందరూ స్పీడు పెంచేస్తారు. అందుకని మొదలుపెట్టే ముందు అన్నిటికన్నా కష్టమైన బార్‌ను మనసులో పాడుకుని, టెంపో దాన్నిబట్టి తీసుకోండి.

టీచర్‌ను మార్చాలా?

మార్చే ముందు ఒకసారి అడిగి చూడండి. "ఇంట్లో ఈ వారం ఏ బార్‌ను, ఎలా ప్రాక్టీసు చేయమంటారు?" అని సూటిగా అడగండి. దానికి స్పష్టమైన జవాబు చెప్పగలిగే టీచర్ దగ్గర ఉండిపోవచ్చు. అడిగిన ప్రతిసారీ "ఇంకా ప్రాక్టీసు చేయండి" అన్న ఒక్క మాటే వస్తుంటే, నొప్పి ఉందని చెప్పినా పట్టించుకోకపోతే, మొహమాటపడకుండా మారండి.

చాలాకాలం ఆపేశాను. మళ్ళీ మొదలుపెడితే పాతవేమీ రావడం లేదు.

వస్తాయి, మీరనుకున్నదానికన్నా త్వరగానే. తెలివికి గుర్తున్నంత స్పీడు చేతికి వెంటనే రాదు, ఆ తొందరలోనే నొప్పులు తెచ్చుకుంటారు. మొదటి రెండు వారాలు పదిహేను, ఇరవై నిమిషాలకు మించి కూర్చోవద్దు. గతంలో మీకు వచ్చిన అన్నిటికన్నా కష్టమైన పీస్‌ను తెరవకండి. దానికి ఏడాది ముందు వాయించిన పీస్ ఒకటి తీసి, కాగితం చూస్తూ కొత్తదానిలా నేర్చుకోండి, వేళ్ళ వరస కూడా మళ్ళీ రాసుకోండి. అప్పట్లో తప్పుగా పాతుకుపోయిన వేళ్ళ వరసలను దిద్దుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు, ఎందుకంటే చెయ్యి వాటిని కూడా సగం మరిచిపోయి ఉంటుంది.